మయసభకూ మాయన్ పిరమిడ్‌కూ మధ్య

2022 నవంబరులో 'బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్' తెలుగు మాటలతోనూ వచ్చింది. సముద్రం అడుగున ఒక నగరం, చీలమండలకు రెక్కలున్న రాజు, జనం అతణ్ణి 'కుకుల్కాన్' అని కొలవడం. కుకుల్కాన్ అంటే ఈకలున్న పాము దేవుడు, మెక్సికోలోని యుకటాన్ ప్రాంతపు మాయా ప్రజల దైవం. నాగలోకం కథలు వింటూ పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి అదేమీ వింతగా తోచదు. వింత మరోచోట ఉంది. ఆ నగరం పేరు తలోకాన్. ఆ పేరుకు మూలం అజ్టెక్ వానదేవుడి లోకమైన త్లాలోకాన్. అక్కడి మనుషులు మాట్లాడేది మాత్రం యుకటాన్ మాయా భాష. రెండూ వేర్వేరు జాతులు, వేర్వేరు భాషా కుటుంబాలు. మావేలి (మన బలి) చక్రవర్తి కథ తీసి పాత్రలన్నింటి చేతా పంజాబీ మాట్లాడిస్తే మలయాళీకి ఎలా ఉంటుందో అలాంటి పని అది. మనలో ఎందరు గమనించాం?

ఆ తర్వాత ఏడు నెలలకు 'ఆదిపురుష్' వచ్చింది. రావణుడి జుట్టు కత్తిరింపు దగ్గర్నుంచి హనుమంతుడి మాటతీరు దాకా ఒక్కొక్కటీ పట్టుకుని తెలుగు నేలంతా వాదించింది. మన పురాణం అయ్యేసరికి వెంట్రుక కూడా లెక్కకు వచ్చింది.

పురాణాన్ని ఫాంటసీగా మలచడం మీద తెలుగులో వాదం పాతదే. పదేళ్లుగా అది బాగా చిక్కుపడింది. స్వేచ్ఛ ఎంత, భక్తి ఎంత, చరిత్ర ఎంత, అసలు అది ఎవరి పురాణం అన్న నాలుగు ప్రశ్నలు ఒకే ముడిలో పడ్డాయి. ఒకదానికి జవాబు చెప్పి రెండోదానికీ చెప్పేశామనుకుంటున్నాం. ఈ చిక్కు విప్పడానికి మెసోఅమెరికా, అంటే మెక్సికో నుంచి గ్వాటెమాలా, హోండురాస్ దాకా ఉన్న నేల, పనికొచ్చే అద్దం. అక్కడి పురాణాల మీద అల్లిన ఫాంటసీ చుట్టూ ఇవే ప్రశ్నలు ఇంకా కటువుగా నడుస్తున్నాయి.

మూడు రత్నాల లెక్క

మన ఆలంకారికులు కథావస్తువును ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడుగా విడదీశారు. లోకానికి తెలిసినది ప్రఖ్యాతం, కవి సొంతంగా పుట్టించినది ఉత్పాద్యం, రెండూ కలిసినది మిశ్రం. 'వసుచరిత్ర' రాసిన రామరాజభూషణుడు దీన్నే రత్నాల భాషలో చెప్పాడు. ఉట్టి కల్పన ఆయన దృష్టిలో కృత్రిమ రత్నం, పాత కథ గనిలో దొరికిన ముడి రత్నం, పాత కథకు కవి కల్పన తోడైతే అది సానబట్టిన జాతిరత్నం. ఈ వాదమంతా ఆనాడే తేలిపోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయన బతికిన 16వ శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాసి, ఉట్టి కల్పన కూడా జాతిరత్నమే కాగలదని చూపించాడు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ ఒకటి భూమ్మీద నిజమై నడవడం, పసిబిడ్డ పూర్వజన్మ వృత్తాంతం చెప్పడం, ముడి మీద ముడి వేసుకుంటూ పోయే ఆ కథనం, ఇవి ఏ పురాణంలోనూ లేవు. దేవుళ్లు మాత్రం మనకు తెలిసినవాళ్లే. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక 2002లో బయటి పాఠకులకు అందింది.

ఆ దారి తర్వాత సన్నబడలేదు, వెడల్పయింది. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' 12 భాగాలుగా రాశారు. కాశీకి నడిచిపోతూ మజిలీకో కథ చెప్పుకోవడం దాని చట్రం. 1951 మార్చి 15న వచ్చిన 'పాతాళభైరవి' కథ ఈ కాశీమజిలీల గాలి పీల్చి పుట్టిందే. రాసింది పింగళి నాగేంద్రరావు, తీసింది కె.వి. రెడ్డి. ఆరేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి 'మాయాబజార్' చేశారు. అది ఒక వింత ధైర్యం. భారత కథ, పాండవుల సంతానం పెళ్లి, పాండవుల కష్టం మీదే కథ నడుస్తుంది. తెర మీద మాత్రం పాండవులు ఒక్కరూ కనపడరు. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. పెట్టె మూత తీస్తే కోరుకున్నవాళ్లు కనిపించి మాట్లాడే 'ప్రియదర్శిని' ఏ పర్వంలోనూ లేదు. 1957లో మనోభావాలు దెబ్బతిన్నాయని ఎవరైనా అనుంటే ఆ చప్పుడు ఇప్పటిదాకా వినిపించలేదు.

అచ్చులో ఈ బరువు మోసింది 'చందమామ'. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు నడిచాయి: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ. ఏనుగు ముఖాల మనుషులూ నరభక్షకులూ చిత్రకారుడు చిత్రా బొమ్మల్లో బతికారు. పత్రికను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు. 1970లో పుట్టిన విప్లవ రచయితల సంఘంలో (విరసం) ఆయన ఉన్నారు. దెయ్యాల కథలు నమ్మని మనిషి చేతిలో బేతాళ కథలు అంత ముచ్చటగా సాగడం తెలుగు ఫాంటసీ చరిత్రలో అందరూ తలుచుకోవాల్సిన విషయం. 2013 నాటికి చందమామ ఆగిపోయింది. పుస్తకంలో ఫాంటసీకి ఉన్న ఇల్లు కూలాక ఆ బరువంతా తెర మీద పడింది.

తెర మీద కథ అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా దాటేయవచ్చు. పౌరాణికం, జానపదం, సాంఘికం అని మూడు గదులున్న ఇంట్లో 'సోషియో ఫాంటసీ' అనే నాలుగో గది కట్టుకున్నాం. మానససరోవరం దగ్గర ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రజ, ఇప్పటి ఊళ్లో గైడుగా బతికే రాజు కలిసే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990), తర్వాత 'భైరవద్వీపం' (1994), 'అమ్మోరు' (1995), 'అరుంధతి' (2009), అదే ఏడు 'మగధీర', ఆపైన 2015, 2017లలో రెండు 'బాహుబలి'లు. 2024 ఒక్క ఏడాదిలోనే జనవరిలో 'హను-మాన్', జూన్‌లో 'కల్కి 2898 ఏడీ'.

అక్కడ తెగిన దారం

మెసోఅమెరికా సంగతి వేరు. 1562 జులై 12న యుకటాన్‌లోని మనీ అనే ఊళ్లో దియెగో దె లాందా అనే స్పెయిన్ మతగురువు మాయా పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టించాడు. చెట్టు బెరడు నుంచి తీసిన కాగితం మీద బొమ్మలు, అక్షరాలు కలిపి రాసిన పుస్తకాలవి. ఇవాళ లోకంలో మిగిలినవి నాలుగే. డ్రెస్డెన్, మాడ్రిడ్, పారిస్ నగరాల్లో ఒక్కొక్కటి, నాలుగోది మెక్సికోలో. ఆ నాలుగోది అసలైనదేనని పరిశోధకులు 2018లో తేల్చారు. కిచె మాయా ప్రజల పురాణ గ్రంథం 'పోపోల్ వుహ్' బతికిందంటే 1700 తొలి ఏళ్లలో ఫ్రాన్సిస్కో శీమెనెస్ అనే మరో మతగురువు చిచికాస్తెనాంగోలో దాన్ని చేత్తో నకలు రాసుకోవడం వల్లే. ఆ ప్రతి ఇప్పుడు షికాగోలో ఒక గ్రంథాలయంలో ఉంది. ఊళ్లో పుట్టిన కథకు పట్నంలో కాపురం, అదీ వేల కిలోమీటర్ల అవతల.

ఆ గ్రంథం లోపల ఏముందో కాస్త దగ్గరగా చూడాలి. దేవతలు మనుషుల్ని చేయబోయి మొదట మట్టితో చేస్తే కరిగిపోయారు. తర్వాత కొయ్యతో చేశారు. కొయ్య మనుషులకు గుండె లేదు, సృష్టికర్త గుర్తులేడు. అప్పుడు వాళ్ల ఇంట్లోని సామాన్లే తిరగబడ్డాయి. రోజూ అరగదీశారని తిరగళ్లు, రోజూ మాడ్చారని పెనాలు, కుండలు, ఆకలికి మాడ్చి కర్రతో కొట్టారని కుక్కలు, అన్నీ కలిసి వాళ్ల ముఖాలు చితకబాదాయి. చివరికి మొక్కజొన్న పిండితో చేసినవాళ్లు నిలిచారు. వాళ్లే మనుషులు.

తెలుగువాడికి ఇంకా దగ్గరగా ఉండేది కవలల కథ. హునాహ్పూ, ష్బాలంకె అనే అన్నదమ్ములు శిబాల్బా అనే మృత్యులోకానికి బంతాటకు పోతారు. అక్కడి ప్రభువుల పేర్లు తెలుసుకోవడానికి ముందు ఒక దోమను పంపుతారు. అది ఒక్కొక్కణ్ణి కుడుతుంటే పక్కవాడు పేరు పెట్టి 'ఏమైంది' అని అడుగుతాడు. అలా పేర్లన్నీ బయటపడతాయి. రాత్రంతా వెలిగించి ఉంచమని, కానీ కాలకూడదని ఇచ్చిన కాగడాకు చిలుక ఈక, చుట్టల చివర్లకు మిణుగురులు అంటించి గడిపేస్తారు. ఆఖరికి చచ్చి లేచే గారడీ చూపించి, మమ్మల్నీ చంపి లేపమని ప్రభువులే అడిగేలా చేస్తారు. చంపుతారు. లేపరు.

ఇది 'యమగోల' (1977) కాదూ? 'దేవాంతకుడు' (1960), 'యముడికి మొగుడు' (1988), 'యమలీల' (1994), 'యమదొంగ' (2007) కాదూ? యమలోకానికి పోయి యముణ్ణే బోల్తా కొట్టించడం మన సినిమాకు కంచంలో పెట్టిన అన్నంలాంటిది. యముడి మీద ఎంత వేళాకోళం ఆడినా ఎవరూ కేసు పెట్టరు, ఆయనకు గుళ్లు దాదాపు లేవు కాబట్టి. (దాదాపు అనడం ఎందుకంటే ధర్మపురి నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలో ఆయనకు గుడి ఉంది.) దేవుడికి ఇంకా పూజ జరుగుతోందా లేదా అన్నదాన్ని బట్టే కల్పనకు దొరికే జాగా ఎంతో తేలుతుందన్నది ఇక్కడ దొరికే మొదటి ఆధారం.

అక్కడి పురాణాల మీద రాసే ఫాంటసీ రచయితలు ఈ తెగిన దారం కొసలు పట్టుకుని పనిచేస్తున్నారు. మెక్సికోలో పుట్టి కెనడాలో ఉండే సిల్వియా మొరేనో-గార్సియా 2019లో శిబాల్బా ప్రభువును 1920ల యుకటాన్‌కు తీసుకొచ్చింది. ఫ్రెంచ్-వియత్నామీ రచయిత్రి అలియెట్ ద బోదార్ 2010లో అజ్టెక్ రాజధానిలో ఒక పూజారి చేత హత్యల గుట్టు విప్పించింది. రెబెకా రోన్‌హార్స్ 2020లో 'బ్లాక్ సన్'తో మెసోఅమెరికా పోలికలున్న లోకాన్ని సొంతంగా కట్టింది. అంతకు రెండేళ్ల ముందే, అమెరికా ఆదివాసులైన నవహోల పవిత్ర కథలను నవలలో వాడుకుందని నవహో రచయితలు ఆమెను బహిరంగంగా తప్పుపట్టారు. ఎవరి కథ ఎవరు చెప్పాలన్న తగాదా అక్కడ అంత పదునుగా ఉంది.

ఇంకో ముచ్చట. అమెరికాలో పిల్లల కోసం రిక్ రియోర్డన్ పేరుతో మొదలైన ఒక పుస్తకాల వరసలో 2018లో తొలి పుస్తకం పాండవుల కథ మీద అల్లిన 'అరు షా'. అదే ఏడు మాయా దేవతల కథ మీద అల్లిన 'స్టార్మ్ రన్నర్' వచ్చింది. మన భీముడూ వాళ్ల కవలలూ పక్కపక్క అరల్లో కూర్చున్నారు.

వాదాలు, వాటి పక్షాలు

*మనోభావాల పక్షం.* పురాణం ఇతిహాసం, పూజావస్తువు, దానితో ఆటలొద్దు అన్నది ఈ వాదం. 2023 జూన్ 'ఆదిపురుష్' దీనికి పెద్ద వేదిక. విడుదలకు ముందు ప్రతి థియేటర్లో హనుమంతుడి కోసం ఒక సీటు ఖాళీగా ఉంచుతామని నిర్మాతలు ప్రకటించారు. సీటు మీద కాషాయం కప్పి, పూలు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన చోట్లున్నాయి. మూడు రోజులకల్లా ఆ సీటు పక్కనే కూర్చున్నవాళ్లు హనుమంతుడి నోట ఆ మాటలేమిటని బయటికొచ్చి తిట్టారు. మాటలు మార్చారు. సీత జన్మస్థలం గురించిన మాట మీద కాఠ్మాండూలో సినిమానే ఆపేశారు. ఒకే పని మీద భక్తినీ అమ్మకాన్నీ కలిపి బండికి కడితే రెండు ఎద్దులూ రెండు దిక్కులకు లాగాయి. ఈ పక్షాన్ని ఛాందసమని కొట్టిపారేయడం సుళువు. గుడిలో ఉన్న దేవుణ్ణి టికెట్టు పెట్టి చూపించేటప్పుడు చూసేవాడికి అడిగే హక్కు కొంత వస్తుందన్న మాటను మాత్రం అంత సుళువుగా తోసేయలేం.

*కల్పన పక్షం.* సూరన నుంచి పింగళి నాగేంద్రరావు దాకా మన సంప్రదాయమే కల్పన అంటుంది ఈ పక్షం. 'హను-మాన్' అంజనాద్రి అనే లేని ఊరు పెట్టుకుని, హనుమంతుణ్ణి కొండంత విగ్రహంగా దూరాన ఉంచి, కథ మనుషుల మధ్య నడిపింది. దేవుణ్ణి అంచున ఉంచి మధ్యలో ఆడుకోవడమన్న ఆ కిటుకు పనిచేసింది. హైదరాబాద్‌లోనే పుట్టిన 'ఛోటా భీమ్' 2008 నుంచి ఇంకా చిన్న కిటుకుతో బండి లాగుతోంది. పేరు భీముడిది, బలం భీముడిది, లడ్డూల మీద యావ భీముడిదే, ఊరు మాత్రం ఢోలక్‌పూర్. కనుక వ్యాసుడు జవాబు చెప్పనక్కర్లేదు.

*ప్రశ్న పక్షం.* పురాణాన్ని తిరగరాయడం అంటే ఎదురు ప్రశ్న వేయడమే అన్నది ఇది. తెలుగులో ఈ పాయ చాలా బలమైనది. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' 1920 నాటిది. 1970ల్లో రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' వచ్చింది. నార్ల వెంకటేశ్వరరావు 'సీత జోస్యం' 1979. ఓల్గా 'విముక్త'లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. దానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఫాంటసీ మీద హేతువాద పోరాటమూ ఈ పక్షానిదే. యండమూరి 'తులసిదళం' జనాన్ని ఊపేసిన రోజుల్లో రంగనాయకమ్మ దాన్ని గంజాయి దమ్ముతో పోల్చి ఏకంగా పుస్తకమే రాశారు. ఈ పక్షం బలం ప్రశ్నలో ఉంది. మాయాజాలం అంటే నమ్మకమే అనుకుని ఫాంటసీ మొత్తాన్ని ఒక గాటన కట్టేయడం దాని బలహీనత. కుటుంబరావు అలా అనుకోలేదు.

*'ఇది చరిత్రే' పక్షం.* ఎక్కువ ఆగాల్సింది ఇక్కడ. విశ్వనాథ సత్యనారాయణ 'పురాణవైర గ్రంథమాల' పేరుతో 12 నవలలు రాశారు. పాశ్చాత్యుల కాలగణనను తిప్పికొట్టి, పురాణ కాలగణనే చరిత్ర అని నిలబెట్టడం వాటి ధ్యేయం. ఆ ధ్యేయం కోసం ఆయన వాడుకున్న ఆయుధం కల్పన. మార్మికత నిండిన కథతో చరిత్రను రుజువు చేయబూనడం వింతే, కానీ ఆ దారి మూతపడలేదు. 2022 ఆగస్టులో వచ్చిన 'కార్తికేయ 2' కృష్ణుడు కట్టుకథ కాదు, చరిత్ర అన్న ప్రసంగం మీద నిలబడింది. జనం ఆ ప్రసంగానికి చప్పట్లు కొట్టారు.

మాయా ప్రజలు ఈ పక్షం చేతిలో పడ్డ తీరు చెప్పుకోవాలి. 1940లో చమన్‌లాల్ 'హిందూ అమెరికా' అనే పుస్తకంలో అమెరికా పాత నాగరికతలు భారతదేశం నుంచి వెళ్లినవేనని వాదించాడు. ఆ వాదం తెలుగులో చేతులు మారి మారి 'మయుడి వారసులే మాయన్లు' అయింది. మయసభ కట్టిన దానవ శిల్పి మయుడు, యుకటాన్‌లో పిరమిడ్లు కట్టిన మాయా ప్రజలు, రెండు చోట్లా కట్టడాలు, రెండు చోట్లా పేరు దగ్గర. ఇంకేం కావాలి? మయుడు వేరు, సంస్కృతంలో మాయ వేరు, మాయా అన్న జాతి పేరు వేరు. మాయా భాషలు 30 దాకా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ సంస్కృతానికి చుట్టం కాదు.

లెక్కల దగ్గరా ఇంతే. మాయా దీర్ఘ కాలగణన క్రీ.పూ. 3114లో మొదలవుతుంది. మన కలియుగం సంప్రదాయ గణన ప్రకారం క్రీ.పూ. 3102లో. మధ్య తేడా 12 ఏళ్లే. అంత దగ్గరగా ఉంటే ఊహ ఊరుకుంటుందా! మాయా గణనలో ఒక పెద్ద చక్రం 2012 డిసెంబరు 21న పూర్తయింది. మన టీవీల్లో అది 'యుగాంతం' అయి కూర్చుంది. అక్కడివాళ్లకు అది ఒక చక్రం ముగిసి మరొకటి మొదలవడమే. 'కల్కి' దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ 3102 అంకెనే ఫాంటసీగా వాడుకున్నాడు. క్రీ.పూ. 3102కు 2898 కలిపితే 6000, 'కల్కి' కథాకాలం అంత. పురాణం ప్రకారం కలియుగం 4,32,000 ఏళ్లు కాబట్టి ఆయన కల్కి చాలా ముందే రావాల్సి వచ్చింది, దాని మీద తగాదా పెద్దగా లేదు. ఎందుకంటే ఆయన అంకెను అంకెలాగే వాడాడు, సాక్ష్యంగా వాడలేదు. ఇదే అంకె వాట్సాప్‌లో సాక్ష్యమైపోయింది. ఫాంటసీకీ ఫార్వర్డ్‌కూ తేడా అక్కడే.

మన కథను ఎవరైనా తమదంటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది మనకు. వాళ్ల దేవుణ్ణి, వాళ్ల పిరమిడ్‌ను మాత్రం మయుడి ఖాతాలో జమ వేసేస్తాం. పుస్తకాలు తగలబెట్టించుకున్న జాతి నుంచి మిగిలిన గొప్పను కూడా తీసుకోవడం ఇది.

*ఎవరి పురాణం అన్న పక్షం.* అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది, ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదీ ఇదే. 'బాహుబలి' కాలకేయులను చూడండి. భారతంలో కాలకేయులు సముద్రంలో దాక్కున్న దానవులు, అగస్త్యుడు సముద్రం తాగేస్తే బయటపడ్డవాళ్లు. సినిమాలో వాళ్లు నల్లటి రంగు పూసుకున్న, అర్థంకాని భాష మాట్లాడే అడవి మనుషులు. ఆ భాష కిలికి. తమిళ రచయిత మదన్ కార్కి దానికి వందల మాటలు, వ్యాకరణం కూడా కట్టాడు. భాషకు అంత శ్రమ పడి, మనుషులకు మాత్రం పాత అడవిజాతి మూసే పోశారన్నది విమర్శ. మెల్ గిబ్సన్ 'అపోకలిప్టో' (2006) మీద మాయా ప్రజలు అన్నదీ అదే. యుకటాన్ మాయా భాష మొత్తం వాడుకున్నాడు, ఆ భాష మాట్లాడేవాళ్లను నెత్తురు తాగే జాతిగా చూపించాడు.

2020 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' టీజర్‌లో కొమురం భీం పాత్ర టోపీ పెట్టుకుని కనపడగానే ఆదిలాబాద్ నుంచి అభ్యంతరాలొచ్చాయి. సినిమా వచ్చాక, గోండు వీరుడు రామరాజు దగ్గర చదువు కోరుకునే ముగింపు మీద ఇంకా లోతైన విమర్శ నడిచింది. కన్నడ 'కాంతార' (2022) తెలుగు తెరల మీద ఆడుతుండగానే, అందులో చూపిన భూతకోల హిందూ ఆచారమా, అంతకు ముందునుంచీ ఉన్న ఆదివాసీ ఆచారమా అన్న రగడ కర్ణాటకలో పోలీసు కేసు దాకా పోయింది.

ఈ పక్షం ఇంకొకటి అడుగుతుంది. తెలుగు నేల మీద పురాణమంటే రామాయణ, భారతాలేనా? డక్కలివారు మాదిగలకు చెప్పే జాంబపురాణంలో ఆది జాంబవుడు సృష్టికి ముందే ఉన్నాడు. ఒగ్గు కథలో మల్లన్న, కాటమరాజు కథలో పశువుల మందలు, కాకిపడగలవారి పటాల మీద పాండవులు, ఒక్కొక్కటీ ఒక్కో లోకం. 'అమ్మోరు'ను మినహాయిస్తే పెద్ద డబ్బుతో తీసిన ఫాంటసీల్లో ఈ లోకాలు కనపడటం బహు అరుదు. హైదరాబాద్ మియాపూర్‌లో అపార్ట్‌మెంట్ల సందున బోనాల నాడు డప్పు మోగే పోచమ్మ గుడికి ఇంకా గ్రాఫిక్స్ రాలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

మెసోఅమెరికాలో దారం తెగింది, అందుకే అక్కడ ఫాంటసీ మొదటి పని పోగుచేసుకోవడం. ఇక్కడ దారం తెగలేదు, అందుకే మొదటి పని తగవు తీర్చుకోవడం. అక్కడ బయటివాడు వాడుకుంటే దోపిడీ అన్న మాట వస్తుంది, ఇక్కడ లోపలివాడే వాడుకున్నా అపచారం అన్న మాట వస్తుంది. అక్కడ జాతులన్నీ కలిపేసి ఒకే 'అజ్టెక్-మాయా' పులుసు చేయడం పెద్ద నేరం. ఇక్కడ ఆ నేరానికి పేరు కూడా లేదు, ఎందుకంటే గోండు, కోయ, కొలాము దేవతలను 'గిరిజన దేవత' అన్న ఒక్క ముద్ద చేయడం మనకు మామూలు.

ఇవన్నీ తూచి చూస్తే ఒక మాట చెప్పక తప్పదు. తెలుగులో వాదం ఎక్కువగా నడిచిన చోట, అంటే రాముడి కిరీటం, రావణుడి గడ్డం దగ్గర, అసలు నష్టం తక్కువ. రామాయణం 'ఆదిపురుష్'ను తట్టుకుంది, తట్టుకుంటుంది, దానికి వేయి చేతులున్నాయి. వాదం తక్కువ నడిచిన చోట, ఒక్క చేయి మాత్రమే ఉన్న పురాణం దగ్గర, ఒక్క తప్పుడు బొమ్మే ఆఖరి బొమ్మ అయిపోయే ప్రమాదం ఉంది. మాయా ప్రజల విషయంలో లోకమంతటా జరిగింది అదే. గుడి మెట్ల మీద గుండె పీకే పూజారి తప్ప వాళ్ల దగ్గర ఇంకేమీ లేదన్నట్టు.

తేలనివి

అడగాల్సింది ఎవర్ని? మేడారంలో సమ్మక్కకు విగ్రహం లేదు. కోయ పూజారులు ఆమెను చిలకలగుట్ట నుంచి గద్దెకు తెస్తారు. మొక్కుగా ఇచ్చే బెల్లమే అక్కడ బంగారం. రెండేళ్లకోసారి లక్షల మంది వచ్చే ఆ జాతర మీద ఫాంటసీ తీయాలంటే అనుమతి ఎవరివ్వాలి? పూజారులా, కోయ సమాజమా, దేవాదాయ శాఖా? కాపీరైటు చట్టం రచయితను వెతుకుతుంది. ఈ కథకు రచయిత లేడు.

పుస్తకంలో ఫాంటసీ ఎక్కడ బతకాలి? చందమామ తర్వాత ఆ చోటు ఖాళీగానే ఉంది. నవలలోనో సీరియల్లోనో ముందు లోకం కట్టుకుని, పాఠకుల మధ్య నలిగి, ఆ తర్వాత తెర మీదికి పోవడం ఇప్పుడు జరగడం లేదు. లోకం నేరుగా కంప్యూటర్లో పుడుతోంది. అమీర్‌పేటలో మెట్రో రైలు మారి రాత్రి మియాపూర్ స్టేషన్‌లో దిగే కుర్రాళ్లలో కొందరి రోజంతా ఆ పనిలోనే పోతుంది. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో హీరో జుట్టు అంచు వెంట చుక్క చుక్కగా గీత గీసి వెనక ఉన్న పచ్చతెర కోసేయడం, దాన్ని రోటో అంటారు. హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ 'లైఫ్ ఆఫ్ పై' పులిని చేసి, ఆ సినిమాకు ఆస్కార్ వచ్చిన నెలలోనే, 2013 ఫిబ్రవరిలో, దివాలా తీసింది. దేవుడి కిరీటం ఏ ఆకారంలో ఉండాలన్న వాదంలో దాన్ని గీసే చేతి మాట ఇప్పటిదాకా రాలేదు.

భాష సంగతి మూడోది. కిలికికి 2020 ఫిబ్రవరిలో అక్షరాలతో, నేర్చుకోవడానికి వెబ్‌సైటుతో ఆవిష్కరణ జరిగింది, రాజమౌళి చేతుల మీదుగా. సినిమా కోసం పుట్టిన భాషకు అంత ముచ్చట జరగడం మంచిదే. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలంలో గుంజాల అనే ఊరుంది. ఆ ఊళ్లో గోండి భాషను సొంత లిపిలో రాసిన పాత చేతిరాతలు దొరికాయి. 18వ శతాబ్దపువిగా చెబుతారు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు, గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాటి మీద పనిచేశాయి. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు ఫోన్లో గుంజాల గోండిలో టైపు చేయవచ్చు. అందులో రాసిన మొదటి ఫాంటసీ ఇంకా రావాలి.